తక్కెడమ్మ కుడి దవడ

మా వదినకి నమలడమే ఉద్యోగం. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళు పకపకా నవ్వి, "అలాంటిదేదైనా ఉంటే మాకూ చూసిపెట్టమ్మా" అంటారు. వాళ్ళ ఊహలో మా వదిన పొద్దున్నే వెళ్ళి, మెత్తటి కుర్చీలో చేరగిలబడి, పళ్ళెం నిండా బిస్కెట్లు పెట్టుకుని, టీలో ముంచుకు తిని, సాయంత్రానికి తాపీగా ఇల్లు చేరుతుంది. ఒక్కపూట ఆ కుర్చీలో కూర్చుంటే తెలుస్తుంది. ఆ కుర్చీ చెక్కది. టీ ఇవ్వరు.

బిస్కెట్ల ఫ్యాక్టరీలో పొయ్యిల షెడ్డు దాటి వెళ్తే, గోడలకు తెల్లరంగు వేసిన ఇరుకు గది ఒకటి వస్తుంది. దాన్ని రుచి గది అంటారు. పొడవాటి బల్ల, దాని చుట్టూ కుర్చీలు, ఒక్కొక్కరి ముందు గోరువెచ్చటి నీళ్ళ గ్లాసు. అక్కడికి సెంటు పూసుకుని రాకూడదు. మాట్లాడకూడదు. ఎప్పుడూ కుడివైపే నమలాలి, ఒకరోజు కుడివైపు, ఒకరోజు ఎడమవైపు నమిలితే కొలత మారిపోతుందట. మొహంలో ఏమీ కనిపించకూడదు, ఒకరు మొహం చిట్లిస్తే పక్కవాళ్ళ మార్కులు జారిపోతాయట. ముక్క పూర్తిగా మింగి, కాసేపు ఆగాకే జవాబు చెప్పాలి. తొందరపడి చెప్పింది లెక్కలోకి రాదు. "బాగుంది", "బాగాలేదు" అనే రెండు మాటలు అక్కడ నిషేధం. ఎంత గట్టిగా ఉంది, ఎంతసేపటికి కరిగింది, మింగాక నోట్లో ఏం మిగిలింది, అంతవరకే. ఇవన్నీ సరిపోనట్టు గోడ మీద యజమాని రాయించిన బోర్డు ఒకటి: "మాట తేడా వస్తే వాదన లేదు. నమూనా తెప్పించి నమలాలి." ఎవరైనా ఫ్యాక్టరీ చూడటానికి వస్తే ఆయన ముందు ఆ బోర్డు చూపించి, తర్వాతే పొయ్యిలు చూపిస్తాడు.

ఈ నియమాలన్నిటినీ మా వదిన ఒంటికి పట్టించుకుంది. బల్ల చివరన పెద్ద కుర్చీ ఆవిడది. ఫ్యాక్టరీలో ఆవిడ పేరు తక్కెడమ్మ. ఆవిడ "అంచు మాడింది" అంటే పొయ్యి ఆగుతుంది. "కాదు" అంటే అప్పటిదాకా కాల్చిన సరుకు గేటు దాటదు. ఇంట్లో కర్టెన్లు ఏ రంగువి కొనాలో కూడా ఎవరూ ఆవిడని అడగలేదు. పుట్టింట్లో అడగలేదు, మా ఇంట్లో అంతకంటే అడగలేదు. ఆవిడ మాట చెల్లే చోటు భూమ్మీద ఆ చెక్క కుర్చీ ఒక్కటే.

ఇంతకీ నేనెవరో చెప్పలేదు కదూ. ఆవిడ ఆడపడుచుని. వీధి చివర కుట్టు దుకాణం నాది. ఆడపడుచుగా పుట్టాక వదిన మొహం ముడుచుకుందనీ, మూతి తిప్పిందనీ నలుగురికీ చెప్పుకోవడం నా జన్మహక్కు. ఆ హక్కు వాడుకునే భాగ్యం నాకు ఒక్కరోజు కూడా దక్కలేదు. ఆవిడ మూతి తిప్పితే కదా!

నాకన్నా ఘోరం మా అన్నయ్య బతుకు. సిటీ బస్సు నడుపుతాడు. సెలవురోజు వంట ఆయనదే. గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి, పెళ్ళాం మొదటి ముద్ద మింగేదాకా పరీక్ష రాసిన పిల్లాడిలా చూస్తుంటాడు.

"ఎలా ఉంది?" అంటాడు.

ఆవిడ మింగుతుంది. కాసేపు ఆగుతుంది. "ఉప్పు సరిపోయింది. కారం ఆలస్యంగా తెలుస్తోంది. చివర్లో నాలుక మీద కొంచెం చేదు మిగిలింది."

"అది కాదే, బాగుందా లేదా?"

"అది నన్ను అడక్కూడదు."

పెళ్ళైన దగ్గర్నుంచీ ఇదే వరస. మా అన్నయ్య ఇంకా అడుగుతూనే ఉన్నాడు. ఆశ అనేది ఎంత మొండిదో మా ఇంటికొస్తే చూడొచ్చు.

అలాంటి మనిషికి దవడ నొప్పి వచ్చిందని నాకు తెలిసిన తీరు కూడా విచిత్రమే. సెలవుల్లో ఆవిడ నా దుకాణానికి వచ్చి గుండీలు కుడుతుంది. కుట్టడం అవగానే దారాన్ని కుడి పంటితో టక్కున తెంపుతుంది. కత్తెర పక్కనే ఉన్నా ముట్టుకోదు. ఆరోజు గుండీ కుట్టి, దారం పట్టుకుని, "కత్తెర ఇలా ఇయ్యి" అంది.

నేను మిషన్ ఆపేశాను. "ఏమైంది వదినా?"

"దవడ. కుడివైపు. పొద్దున్న ఏమీ ఉండదు. నమిలేకొద్దీ పెరుగుతుంది. ఆపాక కణత దాకా పాకి, పడుకునేదాకా మిగులుతుంది."

"అంటే నొప్పా?"

"మరి ఇందాకట్నుంచి నేను చెప్తున్నదేంటి?"

చెప్పింది ఆవిడే, కానీ మొహం చూస్తే పక్కింటావిడ దవడ గురించి చెబుతున్నట్టుంది.

దీని మూలం ఎక్కడుందో మా ఇద్దరికీ తెలుసు. ఫ్యాక్టరీకి కొత్తగా ఒక ఆఫీసరు వచ్చాడు. కొత్తసారు అంటారు. జనం ఆరోగ్యం మీద ఆయనకి ఉన్న బెంగ జనానికి కూడా లేదు. వెన్న తగ్గించి, పొట్టు పెంచి, ఆరోగ్య బిస్కెట్టు ఒకటి కనిపెట్టాడు. పనివాళ్ళు దానికి ఇటుక అని పేరు పెట్టుకున్నారు. రోజూ ఒక కొత్త రకం ఇటుక రుచి బల్ల మీదికి వచ్చేది. ఇదివరకు పళ్ళెం ఒకటి వచ్చే చోట పళ్ళేలు పళ్ళేలు వచ్చేవి. వదిన రోజూ "చాలా గట్టి" అని చెప్పేది. కొత్తసారు అది శ్రద్ధగా విని, ప్యాకెట్టు రంగు మార్చేవాడు.

"పెద్దసారుకి చెప్పొచ్చుగా?" అన్నాను. పెద్దసారంటే యజమాని.

"చెప్తే కుర్చీ పోతుంది. నోటి జబ్బు ఉన్నవాళ్ళు బల్ల దగ్గర కూర్చోకూడదు. ఏం జబ్బో, దేనివల్ల వచ్చిందో, తగ్గుతుందో లేదో డాక్టరు కాగితం తేవాలి. తెస్తే తగ్గేదాకా సెలవిచ్చి కుర్చీ అట్టే పెడతారు. తేలేకపోతే అట్టపెట్టెల సెక్షనే."

అట్టపెట్టెల సెక్షన్లో పనిచేయడం తప్పేమీ కాదు. కాకపోతే అక్కడ అట్టపెట్టెలు మనిషిని ఏమీ అడగవు. ఆవిడని ఎవరూ ఏమీ అడగని చోట్లు ఇంటి దగ్గర కావలసినన్ని ఉన్నాయి కదా. అందుకే కాగితం కోసం బయల్దేరాం. అన్నయ్యకి బస్సు వదలడం కుదరదు కాబట్టి తోడు నేనే. కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళంతా దుకాణం తలుపు చూసి వెనక్కి పోయారు.

మొదట పళ్ళ డాక్టరు. ఆయన హాల్లో గోడంత పన్ను బొమ్మ ఉంది, అది కూడా నవ్వుతూ ఉంది, దానికి పళ్ళెక్కడివో నాకర్థం కాలేదు. ఆయన నోరు తెరిపించి, లైటు వేసి, ఫోటో తీసి, చివరి జ్ఞానదంతం మీద అనుమానం పెట్టుకున్నాడు. పాపం అది మూలన ఎవరి జోలికీ పోకుండా పడి ఉంది. అనుమానం వచ్చాక ఆలస్యం దేనికని పీకేశాడు. వదిన రెప్ప కూడా కొట్టలేదు. "మత్తు భలే ఎక్కింది, ఇంత శాంతంగా కూర్చున్న పేషెంటుని నేను చూళ్ళేదు" అని ఆయన తనని తనే మెచ్చుకున్నాడు.

రోడ్డు మీదికొచ్చాక వదిన దూది బుగ్గన పెట్టుకుని, "మత్తు ఎక్కలేదు" అంది.

"ఓరి దేవుడా! మరి అరవొచ్చు కదా వదినా!"

"అరిస్తే పక్క కుర్చీవాళ్ళ మీద ప్రభావం పడుతుంది."

ఆవిడ సంచీ కూడా నేనే పట్టుకున్నాను. పన్ను పోయింది. నొప్పి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

తర్వాత చెవి డాక్టరు. దవడ నొప్పి చెవిలోంచి కూడా రావచ్చని ఎవరో చెప్పారు. ఆయన చెవిలో గొట్టం పెట్టి చూసి, గులిమి తీసి, చుక్కల మందు రాసి, "చెవి నిక్షేపంగా ఉందమ్మా" అన్నాడు. నిక్షేపంగా ఉన్న చెవికి చుక్కలు దేనికని అడగబోయాను. అప్పటికే ఆయన తర్వాతి చెవిలోకి తొంగి చూస్తున్నాడు.

ఈ ఇద్దరూ ఇచ్చిన కాగితాల్లో ఒక సంగతి మాత్రం ఒకేలా ఉంది. వృత్తి అనే గడిలో ఇద్దరూ "గృహిణి" అని రాశారు. ఎవరూ అడగలేదు. ఆడమనిషి, చేతిలో సంచీ, పక్కన ఆడపడుచు, ఇంకేం అడగాలి?

ఆ కాగితాలు పట్టుకుని ఫ్యాక్టరీ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన గది గేటు పక్కనే. బల్ల అద్దం కింద పిల్లల ఫోటోలు, అద్దం మీద నములుతూ వదిలేసిన పెన్ను. ఆయన కాగితాలు తిరగేసి, లేచి వచ్చి, వదిన బుగ్గలు రెండూ బొటనవేళ్ళతో నొక్కాడు. ఇంతమందిలో బుగ్గ ముట్టుకున్నవాడు ఈయనొక్కడే కాబట్టి నాకు ప్రాణం లేచొచ్చింది.

"నొప్పి ఉందా?" అని అడిగి, ఆయన వదిన మొహంలోకి చూశాడు.

మొహంలో ఏముంటుంది? వదిన కళ్ళు కాస్త వాల్చి, ఆయన నొక్కినదాన్ని పూర్తిగా తెలుసుకునే పనిలో ఉంది. మింగి, ఆగి, అప్పుడు కదా జవాబు! ఆయనకి అంత తీరిక లేదు. కుర్చీలోకి వెళ్ళి, "నొప్పి లేదు. మానసిక ఒత్తిడి" అని రాసేశాడు.

"ఉందండి" అంది వదిన, తన టైముకి.

"చూడమ్మా, నేను ముప్ఫై ఏళ్ళుగా నొప్పులు చూస్తున్నాను. నొప్పి ఉన్నవాళ్ళు ఇలా కూర్చోరు."

"మరెలా కూర్చుంటారు సార్?" అని నేనడిగాను. నా ఒళ్ళు మండిపోతోంది.

"మీరెవరు?"

"ఆడపడుచుని."

"అదీ సంగతి! ఒత్తిడి ఇంట్లోంచే వస్తోంది" అని ఆయన నా వైపు చూసి తల పంకించాడు. మా కుటుంబంలో ఉన్న జబ్బు నేనేనని అలా తేలింది.

ఆయన రాసింది పైకి వెళ్ళి, మర్నాడు పెద్దసారు నుంచి కబురొచ్చింది. వచ్చే వారం కమిటీ కూర్చుంటుంది, సరైన కాగితం ఉంటే తెచ్చుకోవచ్చు, లేదంటే అట్టపెట్టెల సెక్షను. ఆ సాయంత్రం వదిన నా దుకాణం మెట్టు మీద కూర్చుంది. నేను లోపల బట్ట కత్తిరిస్తున్నాను. వచ్చి చూస్తే ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, మొహం మాత్రం ఎప్పటిలాగే ఉంది. అంతటి దుఃఖంలోనూ ఆ మొహం నియమం తప్పలేదు. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

"నా నాలుక చెప్తే ఊళ్ళకి ఊళ్ళు నమ్మి తింటాయి" అంది. "నా దవడ నొప్పని నేను చెప్తే ఒక్కరూ నమ్మరేంటమ్మాయ్?"

నేను తల తిప్పి దుకాణంలో కొక్కేల వైపు చూశాను. అక్కడ ఇస్త్రీ చేసిన తెల్లకోటు ఒకటి ఉంది. పెద్దాసుపత్రిలో పనిచేసే ఒక డాక్టరమ్మది. చేతులు పొడవైపోయాయని మడిచి కుట్టమని ఇచ్చింది. జేబు మీద దవడల విభాగం అని దారంతో రాసి ఉంది. ఆ కోటు వారం నుంచి నా కళ్ళ ముందే వేలాడుతోంది. నేను చేతులే చూశాను కానీ జేబు చూడలేదు.

పొద్దున్నే కోటు తీసుకుని, వదినని వెంటబెట్టుకుని వెళ్ళాను. లిఫ్టు వెనక, పాత బీరువాలు పెట్టే చోట ఉంది ఆ గది. దవడల విభాగానికి ఆ ఆసుపత్రిలో ఉన్న గౌరవం అది. డాక్టరమ్మ పొట్టిగా, చలాకీగా ఉంది. కోటు వేసుకుని చేతులు చూసుకుని, సంతోషించి, వదినని కూర్చోబెట్టి ముందుగా అడిగిన మాట ఇది:

"ఏం పని చేస్తారు?"

వదిన తల తిప్పి నా వైపు చూసింది. ఆ ప్రశ్న తననేనా అన్నట్టు.

"బిస్కెట్లు నములుతానండి."

డాక్టరమ్మ నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసింది. పెన్ను మూత పెట్టి, రుచి గది గురించి అడగడం మొదలుపెట్టింది. ఎటువైపు నములుతారు, రోజుకి ఎన్ని పళ్ళేలు, మధ్యలో ఆగుతారా, ఇంట్లో కూడా కుడివైపేనా. ఇంట్లో కూడా కుడివైపేనట. నాకే తెలియదు. ఎడమ దవడ ఆవిడకి దిష్టిబొమ్మలా ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ ఊరికే ఉంది. మొహంలో ఏమీ కనిపించకూడదనే నియమం దగ్గరికి రాగానే డాక్టరమ్మ "అబ్బో" అంది.

తర్వాత చిన్న స్కేలు తీసి నోరు తెరిపించింది. నొప్పి లేకుండా ఎంతవరకు తెరుచుకుంటుందో కొలిచింది, నొప్పి ఓర్చుకుని ఎంతవరకో మళ్ళీ కొలిచింది. కొలతలు తీసుకునే మనిషిని చూస్తే నాకు వెంటనే నమ్మకం కుదురుతుంది. అది నా వృత్తిదోషం. చెవి ముందు కీలు మీద వేలుంచి, నోరు మూయించి తెరిపించింది. అక్కడ చప్పుడు లేదంది, మంచిదంది.

"ఇప్పుడు నేను కొన్నిచోట్ల నొక్కుతాను. మీ మొహం చూడను, గోడ చూస్తాను. అన్నీ అయ్యాక, తొందర లేకుండా, బిస్కెట్టు గురించి చెప్పినట్టే చెప్పండి. నొక్కితే ఎవరికైనా కాస్త తెలుస్తుంది, అది నాకొద్దు. రోజూ మీరు పడే నొప్పి ఏదైతే ఉందో, అది ఎక్కడ వచ్చిందో అదొక్కటీ కావాలి."

నుదురు నొక్కింది. కణత నొక్కింది. దవడ మూలకి పైన, బుగ్గ కండ మీద వేలుపెట్టి, కొంతసేపు అలాగే పట్టుకుంది. ఎడమవైపు కూడా అంతే చేసింది. ఆ సేపంతా డాక్టరమ్మ గోడనే చూసింది. గోడ మీద క్యాలెండరు కూడా లేదు.

వదిన కళ్ళు వాల్చి, ఆగి, చెప్పింది. "నుదురు మీద వట్టి బరువు. ఎడమవైపు కూడా అంతే. కణత మీద నొప్పి ఉంది, అది నాదే, కానీ పల్చగా ఉంది. కుడి బుగ్గ మీదది చిక్కటిది. మీరు వేలుపెట్టిన చోట మొదలై, నొక్కి ఉంచేకొద్దీ చెవి కిందికి పాకింది, వేలు తీశాక కూడా మిగిలింది. సాయంత్రాలు నాకొచ్చేది ఇదే. అసలు నమూనా ఇది."

డాక్టరమ్మ పెన్ను మూత తీసింది. "నా చదువంతటిలో నొప్పిని ఇంత శుభ్రంగా చెప్పినవాళ్ళు లేరండి" అంది. "నమిలి చూపిస్తారా?"

వదిన సంచీలోంచి ఇటుక తీసింది. డాక్టరమ్మ దాన్ని బల్ల మీద కొట్టి చూసింది. పక్కగదిలోంచి ఎవరో "రండి, తలుపు తీసే ఉంది" అన్నారు.

నమిలాక నొప్పి పెరిగింది, మళ్ళీ నొక్కితే అదే చోట, అదే నొప్పి. అంతే. దవడ కండరం ఎడతెగని నమలడంతో అలిసిపోయి నొప్పి పుట్టింది. పళ్ళది కాదు, చెవిది కాదు, ఆడపడుచుది అసలే కాదు.

"పెద్ద ఫోటోలూ అవీ అక్కర్లేదా డాక్టరుగారూ?" అన్నాను.

"దీనికి వేలు చాలు. వేలు పెట్టి, జవాబు వచ్చేదాకా ఆగాలి. ఆగడమే కష్టం."

ఆవిడ రాసిన కాగితం చూసి నా కడుపు నిండిపోయింది. మొహం బొమ్మ గీసి, కుడి బుగ్గ మీద గళ్ళు కొట్టింది. వృత్తి గడిలో "బిస్కెట్ల రుచి పరీక్షకురాలు" అని, గడి చాలక పక్క గడిలోకి కూడా రాసింది. ఏ కండరం, ఏం చేస్తే పెరుగుతుంది, నొక్కితే వచ్చేదీ రోజూ వచ్చేదీ ఒకటేనని పేషెంటు ఏ మాటల్లో చెప్పింది, నోరు ఎంత తెరుచుకుంది, దేనివల్ల వచ్చింది, కొన్ని వారాలు విశ్రాంతిస్తే తగ్గి తిరిగి పనిలోకి రావచ్చని, అన్నీ. మెత్తటి తిండి, వేడి కాపడం, రెండువైపులా నమలడం, పళ్ళు బిగించి ఉంచకపోవడం, నోరు బార్లా తెరిచి ఆవలించడమూ నవ్వడమూ కొన్నాళ్ళు మానుకోవడం. ఈ చివరిది విని నేను, "అది ఎప్పుడో మానేసిందండి" అన్నాను.

కమిటీ రోజు వచ్చింది. తోడుగా ఇంటి మనిషి ఒకరు ఉండొచ్చన్నారు, నేను వెళ్ళాను. మధ్యన పెద్దసారు, ఒకపక్క కొత్తసారు, ఇంకోపక్క ఫ్యాక్టరీ డాక్టరు. బల్ల మీద అతిథుల కోసం క్రీము బిస్కెట్లు. మెత్తటివి. ఇటుక కనిపెట్టిన కొత్తసారు కూడా ముందు వాటినే అందుకున్నాడు.

పెద్దసారు కాగితం చదివాడు. బొమ్మ కూడా చూశాడు. "బానే రాశారే" అన్నాడు.

ఫ్యాక్టరీ డాక్టరు పెదవి విరిచాడు. "ఇందులో ఉన్నదంతా ఈవిడ చెప్పిందే సార్. ఈవిడ చెప్పింది, ఆవిడ రాసింది. నేను స్వయంగా నొక్కి చూశాను, మొహంలో ఏమీ లేదు."

"పైగా బిస్కెట్టు అంత గట్టిదేం కాదండి" అన్నాడు కొత్తసారు. "పీచు ఉన్నప్పుడు ఆ మాత్రం కరకరలాడుతుంది. జనం తినట్లేదా?"

"నువ్వు తిన్నావా?" అన్నాడు పెద్దసారు.

కొత్తసారు నీళ్ళు నమిలాడు. అవి మెత్తగానే ఉంటాయి కాబట్టి ఇబ్బంది పడలేదు.

నా నోటిదాకా మాట వచ్చింది, కానీ వదిన నా మోకాలి మీద చెయ్యి వేసింది. లేచి నిలబడి, "సార్, మాట తేడా వచ్చిందండి" అంది.

పెద్దసారుకి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత ఆయన మొహం వెలిగింది. తను రాయించిన బోర్డుని ఇన్నేళ్ళకి ఒకళ్ళు చదివారు! "వాదన లేదు" అన్నాడు గర్వంగా. "నమూనా తెప్పించండి!"

అందరం రుచి గదికి నడిచాం. పళ్ళేలు వచ్చాయి. వదిన వాటిని ముగ్గురి ముందూ సర్దింది. తను రోజూ పొద్దున్నపూట నమిలేదాంట్లో సగం మాత్రమే పెట్టిందట, కొత్తవాళ్ళు కదా అని. తన కుర్చీలో కూర్చుని నియమాలు చెప్పింది. "కుడివైపే నమలాలి. నేను చెయ్యి ఎత్తేదాకా మాట్లాడకూడదు. మొహంలో ఏమీ కనిపించకూడదు. మొదలుపెట్టండి."

ఆ గదిలో వినిపించిన చప్పుడు కంకరరోడ్డు మీద లారీ వెళ్ళినట్టుంది. మొదటి పళ్ళెం హుషారుగా సాగింది. రెండో పళ్ళేనికి పెద్దసారు నీళ్ళు తాగాడు. మూడోదానికి కొత్తసారు బిస్కెట్టుని దొంగతనంగా ఎడమవైపుకి తోశాడు, వదిన వేలు చూపించగానే మళ్ళీ కుడివైపుకి తెచ్చుకున్నాడు. నేను గోడకి ఆనుకుని, బతుకులో ఇంత సుఖం ఎప్పుడూ ఎరగనట్టు చూస్తున్నాను. ముగ్గురు పెద్దమనుషులు నోరు మూసుకుని ఉండటం ఎంతమందికి చూడటానికి దొరుకుతుంది?

ముందు ఓడిపోయింది ఫ్యాక్టరీ డాక్టరు. నమలడం నెమ్మదించింది. కళ్ళు చిన్నవయ్యాయి. చెయ్యి దానంతటదే లేచి కుడి బుగ్గ మీదికి వెళ్ళింది. రెండు వేళ్ళు, దవడ మూలకి పైన, కాగితంలో గళ్ళు కొట్టిన చోటే ఆగి, మెల్లగా రుద్దడం మొదలుపెట్టాయి.

వదిన ఆయన మొహంలోకి చూసింది. "నొప్పి ఉందా డాక్టరుగారూ?"

ఆయన నోటి నిండా ఇటుక. తల ఊపాడు. వదిన తొందరపడలేదు. ఆయన మింగేదాకా ఆగింది. వదిన ఆయనకి ఇచ్చిన తీరికలో పదోవంతు ఆయన వదినకి ఇచ్చి ఉంటే, మేమసలు ఈ గదికి వచ్చేవాళ్ళమే కాదు.

"ఉందమ్మా" అన్నాడు చివరికి.

"ఎక్కడ?"

"ఇక్కడ."

"అక్కడేనండి" అంది వదిన. "నాకూ అక్కడే."

పెద్దసారు తన బుగ్గ తను పట్టుకుని, ఇంకో చేత్తో సంతకం పెట్టాడు. తగ్గేదాకా సెలవు, కుర్చీ అట్టే ఉంటుంది, ఇకమీదట బల్ల దగ్గర ఒక పళ్ళెం కుడివైపు, ఒక పళ్ళెం ఎడమవైపు. ఇటుక మానేశారా అంటారేమో. ఫ్యాక్టరీ అన్నాక అంత తేలిగ్గా తప్పు ఒప్పుకుంటుందా? ప్యాకెట్టు మీద "నెమ్మదిగా నమలండి, ఆరోగ్యానికి మంచిది" అని కొత్తగా అచ్చు వేశారు. ప్యాకెట్టు రంగు కూడా మార్చారు.

గేటు బయట ఆగిన బస్సు మా అన్నయ్యదే. ఆయన వెనక సీట్లో కూర్చున్నాం. కాగితం వదిన ఒళ్ళో ఉంది, దాని మీద రెండు చేతులూ ఉన్నాయి. అన్నయ్య అద్దంలోంచి కళ్ళతోనే ఏమైందని అడిగాడు. వదిన తల ఊపింది. ఆయన హారన్ అవసరం లేని చోట రెండుసార్లు కొట్టాడు.

నేను ఊరుకుంటానా? కళ్ళు చిన్నవి చేసి, బుగ్గ ఉబ్బించి, రెండు వేళ్ళతో రుద్దుకుంటూ, "నొప్పి ఉన్నవాళ్ళు ఇలా కూర్చోరమ్మా" అన్నాను, ఫ్యాక్టరీ డాక్టరు గొంతుతో.

వదిన పెదవి కొస కదిలింది. ముందు నేను నమ్మలేదు. కొస ఇంకాస్త కదిలింది, తర్వాత ఆ మొహమంతా ఒక్కసారిగా విడిపోయి, ఆవిడ నవ్వింది. చిన్న నవ్వు కాదు. ముందుకి వంగిపోయి, కళ్ళవెంట నీళ్ళు వచ్చేలా, డాక్టరమ్మ మానమన్నట్టే నోరు బార్లా తెరిచి నవ్వింది. కుడి బుగ్గ అరచేత్తో పట్టుకుని, "ఆపవే, నొప్పి" అంటూ నవ్వింది. ఆవిడ పై వరసలో ఒక పన్ను కొంచెం వంకరగా ఉంటుందని నాకు ఆరోజే తెలిసింది. ఇంత ముద్దుగా నవ్వే మనిషినా మేమంతా ఇన్నేళ్ళూ రాయనుకున్నది!

"ఎలా ఉంది వదినా?" అన్నాను.

ఆవిడ ఊపిరి తిప్పుకుంది. కళ్ళు తుడుచుకుంది. అలవాటు కొద్దీ కాసేపు ఆగింది.

"బాగుంది" అంది.

బస్సు మా స్టాపు దాటిపోయింది. వెనకనుంచి జనం అరుస్తున్నారు. అన్నయ్య మెడ పూర్తిగా వెనక్కి తిప్పేసి, "ఏమంది? ఇప్పుడేమంది?" అని అడుగుతున్నాడు.

"నీ వంట గురించి కాదులే" అన్నాను. "ముందు రోడ్డు చూడు."